హద్దులు చెప్పే మనిషి

మనుబోలు లాంటి ఊళ్ళో పాత ఇల్లు కొనాలన్నా, అమ్మాలన్నా మొదట తగిలేది బోర్డు కట్టుకున్న ఏజెంటు కాదు. టీ బంకు దగ్గరో, దస్తావేజు లేఖరి బల్ల పక్కనో కూచుని ఉండే మధ్యవర్తి. నెల్లూరుకీ గూడూరుకీ నడుమ, మద్రాసు రోడ్డు మీద ఉన్న ఊరిది. 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలయ్యాక ఈ వైపు నేల మీద బయటివాళ్ళ కన్ను కూడా పడింది.

సిటీలో మనకి 'బ్రోకర్' అనేది సగం తిట్టు. దలాల్ అన్న మాట అరబ్బీ నుంచి వచ్చింది, దారి చూపడం అనే అర్థమున్న ధాతువు దానిది. దారి చూపేవాడు ఎందుకు కావలసి వచ్చాడంటే, నాకు తోచిన జవాబు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో, 21వ సెక్షన్లో ఉంది. పట్నంలో ఇల్లయితే ఏ వీధికి ఏ వైపున ఉందో రాయమంటుంది, ఇంటికి నంబరుంటే అదీ రాయమంటుంది. మిగతా చోట్ల ఇల్లయితే విస్తీర్ణం, దాన్ని ఆనుకుని ఉన్న దారులు, పక్క ఆస్తులు, ఎవరి స్వాధీనంలో ఉందన్నది రాయాలి. సర్కారు పటం ప్రస్తావన 'వీలైతే'నే.

అంటే పల్లెలో ఇంటికి గుర్తు దాని పక్కిళ్ళే. తూర్పు ఫలానా వారి పశువుల కొట్టం, దక్షిణం రస్తా, పడమర ఫలానా వారి పెరటి గోడ. అరవై ఏళ్ళు గడిచేసరికి ఆ ఫలానా వాళ్ళు పోయుంటారు, కొట్టం మీద డాబా లేచుంటుంది. దస్తావేజు అబద్ధం చెప్పదు, కానీ అది చెప్పే ఊరు ఇప్పుడు లేదు. ఆ పాత పేరునీ ఇప్పటి డాబానీ కలిపి చెప్పగలిగే మనిషి కావాలి.

పొలానికి ఇంత ఇబ్బంది లేదు, సర్వే నంబరుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో రైత్వారీ సర్వే జరిగింది శిస్తు కోసం. ఇళ్ళున్న నేలకి శిస్తు లేదు కాబట్టి దాన్నంతా గ్రామకంఠం అని ఒక్క ముద్దగా చూపించి వదిలేశారు. ఎవరిల్లు ఎంత అన్నది రెవెన్యూ లెక్కల్లోకి ఎక్కనే లేదు. దొరలు పంటని కొలిచారు, కాపురాన్ని కొలవలేదు.

ఆ లోటు పూడ్చింది కరణం. లెక్క ఆయన పుస్తకంలో సగం, బుర్రలో సగం. ఆ బుర్రకి ఊరు చెల్లించుకున్న మూల్యం తక్కువేం కాదులెండి. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలు, మునసబుల ఉద్యోగాలు రద్దు చేసింది. పెత్తనం పోయింది, మంచిదే. పుస్తకాలు ఆఫీసుకి చేరాయి గానీ బుర్రలో ఉన్నది చేరలేదు. ఇవాళ్టి మధ్యవర్తి ఆ ఖాళీలోకే వచ్చాడని నా అనుమానం.

రిజిస్ట్రారాఫీసు ఉంది కదా అనొచ్చు. కానీ అక్కడ నమోదయ్యేది కాగితం, హక్కు కాదు. ఇల్లు నిజంగా అమ్మినవాడిదేనా అన్నది కొన్నవాడే చూసుకోవాలి. 1998లో కార్డ్ పథకం కింద ఆఫీసులకి కంప్యూటర్లొచ్చాక ఈసీ తొందరగా చేతికొస్తోంది. ఆ ఇల్లు ఏ దస్తావేజుల్లో చేతులు మారిందో అది చెబుతుంది. రిజిస్టరు కాకుండా ఇంట్లోనే జరిగిపోయిన పంపకాల సంగతి దానికి తెలీదు.

మధ్యవర్తికి తెలుసు. చిక్కూ అక్కడే. ఇద్దరి దగ్గరా కమీషన్ తీసుకునే మనిషి ఎవరి పక్షాన నిలబడతాడు? 1872 కాంట్రాక్టు చట్టమే దీనికి ఒక హద్దు గీసింది. నా తరఫున పనిచేసే ఏజెంటు నాకు తెలీకుండా ఆ బేరంలో తనే ఒక పార్టీగా దిగితే, వచ్చిన లాభం నాకిమ్మని అడగొచ్చు (216వ సెక్షన్). అయినా అమ్మేవాడితో ఒక రేటు, కొనేవాడితో ఇంకో రేటు మాట్లాడుకుని మధ్యది మిగుల్చుకోవడం ఇప్పటికీ తెలివితేటల కిందే లెక్క. 2016 నాటి రెరా చట్టం ఏజెంట్లు రిజిస్టరు కావాలంది. అదీ రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో అమ్మకాలకే. ఒక కుటుంబం ఇంకో కుటుంబానికి అమ్ముకునే పాతింటి బేరం దాని చూపులో పడదు.

2020 డిసెంబరులో రాష్ట్రంలో రీసర్వే మొదలైంది. డ్రోన్లు ఎగిరాయి. నూరేళ్ళకి పైగా ఒక్క ముద్దగా ఉన్న గ్రామకంఠంలో ఇల్లిల్లూ విడిగా కొలిచే పని పెట్టుకున్నారు. గోడలు పైనుంచి బాగానే కనపడతాయి. వాటాలు కనపడవు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకీ సమాన వాటా అని మన రాష్ట్రం 1986లోనే చట్టం తెచ్చింది, అప్పటికే పెళ్ళయినవాళ్ళని మాత్రం బయట పెట్టింది. 2005లో కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. అప్పట్నించీ కొనేవాళ్ళ తరఫు వకీలు మొదట అడిగేది ఆడబిడ్డల సంతకాలు.

ఏ ఆడబిడ్డ ఏ ఊళ్ళో ఉందో, ఏ అన్నతో మాటల్లేవో, ఎవర్ని పంపితే తలుపు తీస్తుందో మధ్యవర్తికి తెలుసు. ఆమెకి తన వాటా విలువెంతో ముందు చెప్పి అడుగుతాడా, పసుపు కుంకుమ కింద ఓ చీరా కొంత డబ్బూ ఇప్పించి సంతకం పెట్టిస్తాడా అన్నది మాత్రం ఏ సెక్షన్లోనూ లేదు. దస్తావేజులో ఆమె పేరు, వయసు, వేలిముద్ర ఉంటాయి.