కన్నులకు గట్టిన లెక్కలు

తాపీనదీ తీరమున నున్న సూరతు, మొగలాయీల కాలమున పశ్చిమ సముద్రమునకు సింహద్వారము. ఆ నగరపు పాతకోట వెలుపల వెలసిన పురములలో సలాబత్‌పురా యొకటి. మరమగ్గముల చప్పుడును, బట్టలమూటల రాకపోకలును ఆ పేటకు నిత్యకృత్యములు. తెలుగుదేశమునుండి వలసపోయిన నేతపనివారనేకులు సూరతునే తమ నెలవుగా జేసికొని తరతరములుగా జీవించుచున్నారు. కావున ఆ నగరపు క్షేమము తెలుగువారికి పరాయివిషయము గాదు.

1994 సెప్టెంబరులో ఆ నగరమున ఊపిరితిత్తుల ప్లేగు పొడసూపెను. సుమారు ఏబదిమంది మరణించిరి. రోగముకంటె భయమే వేగముగా వ్యాపించెను. కొలదిదినములలో లక్షలాది జనులు దొరికిన రైలెక్కి ఊరు విడిచిరి. ప్రైవేటు వైద్యులలో పలువురు తలుపులు మూసిరి. వరదనీరు నిలిచిన పల్లములును, ఎత్తని చెత్తకుప్పలును అందరికిని కనబడుచునే యుండెను. కాని ఏ ఆసుపత్రి లెక్క దానిదే. ఏ పేటలో ఎందరు జ్వరపడిరో ఒక్కచూపున తెలుపగల పటము పాలకుల యెదుట లేదు.

1995 మే నెలలో సూర్యదేవర రామచంద్రరావుగారు నగరపాలక కమీషనరుగా వచ్చిరి. ఆయన నగరమును ఆరు మండలములుగా విభజించి, ఒక్కొక్క మండలమునకు ఒక్కొక్క అధికారిని నియమించి, తన యధికారములను వారికి పంచియిచ్చిరి. ఉదయము వీథులలో తిరుగుట, మధ్యాహ్నము ఒకచోట గూడి నాటిపనిని సమీక్షించుట వారి విధి. చల్లనిగది విడిచి నిత్యకర్మలకు దిగుడనుటకు ‘ఏసీ నుండి డీసీకి’ యనునది నాటి నినాదము. ఆసుపత్రులనుండి రోగుల లెక్కలు ప్రతిదినము రప్పించి, ఏ పేటవారో విడదీసి చూచుట అలవాటయ్యెను. ఒకపేటలో విరేచనములు హెచ్చినచో అచటి మంచినీటి గొట్టమును, మురుగుకాలువను పరీక్షింపవలెను. ఇట్లు ఆసుపత్రిలోని లెక్క వీథిలోని పనికి దారిచూపెను. 1996లో ఇంటాక్ సంస్థ సూరతును చండీగఢ్ తరువాత దేశమున రెండవ పరిశుభ్రనగరముగా పేర్కొనెను. 1998లో రావుగారికి పద్మశ్రీ లభించెను.

రోగుల లెక్కను స్థలముతో ముడిపెట్టి చూచు ఈ పద్ధతికి పూర్వచరిత్ర కలదు. 1854లో లండనునగరమున కలరా ప్రబలినపుడు డాక్టరు జాన్ స్నో మరణములు సంభవించిన యిండ్లను పటముపై గుర్తించెను. గుర్తులన్నియు బ్రాడ్‌వీథి నీటిపంపు చుట్టును గుమిగూడెను. ఆ పంపుపిడి తీసివేయించునాటికి రోగము తగ్గుముఖము పట్టియున్నను, కలరా నీటిద్వారా వ్యాపించునను వాదమునకు ఆ పటము బలమైన సాక్ష్యమయ్యెను.

ఆ సంవత్సరముననే ఫ్లోరెన్స్ నైటింగేల్ క్రిమియా యుద్ధమున గాయపడిన సైనికుల సేవకై స్కుటారి ఆసుపత్రి చేరెను. అచట గాయములకంటె నివారింపదగిన రోగములే ఎక్కువమందిని బలిగొనుచుండెను. 1855 మార్చిలో వచ్చిన పారిశుద్ధ్యసంఘము మురుగుకాలువలు కడిగించి, గాలివచ్చునట్లు చేయగా మరణములు తగ్గెను. ఆమె 1858లో ఈ కథను ఒక వృత్తాకారపటమున చూపెను. నెలకొక రేకు, నివారింపదగిన రోగముల మరణములకు నీలిరంగు, గాయముల మరణములకు ఎరుపు. పట్టికలు చదువనొల్లని మంత్రులకు గూడ, మొదటి యేడాది విచ్చుకొన్న నీలిరేకులు రెండవయేట ముడుచుకొనుట కన్నులకు గట్టెను. భారతదేశమున అడుగిడకయే ఆమె ఇచటి సైనికావాసముల లెక్కలు తెప్పించి పరిశీలించెను. ఏటేట వేయిమంది సైనికులలో 69 మంది మరణించుచున్నారని 1863 నాటి రాయల్ కమీషను నివేదిక వెల్లడించెను.

తరువాతి మెట్టు కర్మాగారమున దొరకెను. 1924లో అమెరికాయందు వాల్టర్ షూహార్ట్, వస్తువుల నాణ్యతలో సహజమైన హెచ్చుతగ్గులను, నిజమైన మార్పును వేరుచేసి చూపు నియంత్రణపటమును రూపొందించెను. నేడు ఆసుపత్రులలో వాడు సులభమైన రేఖాపటము దానికి దగ్గరిచుట్టము. ప్రసూతివార్డులో నెలనెల సోకిన అంటురోగములను చుక్కలుగా పెట్టి, నడుమ మధ్యమరేఖ గీతురు. ఒకనెల చుక్క పైకి లేచినంతమాత్రమున నర్సును దండింపరాదు. వరుసగా ఆరుచుక్కలు రేఖకు ఒకే వైపున పడినచో ఏదియో మారినదని గ్రహించి, నీరా, చేతులు కడుగుకొను పద్ధతియా, పరికరముల శుద్ధియా యని వెదకవలెను. మన ప్రభుత్వాసుపత్రులకు 2013లో జాతీయ నాణ్యతాప్రమాణములును, 2015లో ‘కాయకల్ప’ పురస్కారములును ఏర్పడినవి. వార్డులలో ప్రతిమాసము కొలిచి చూచు పద్ధతికి ఇవి ఊతమొసగినవి.

అయినను గోడమీది పటము మందు గాదు. హెచ్చిన రేఖను చూచి క్రిందివానిని శిక్షించు కార్యాలయమున మరునెలనుండి లెక్కలే తగ్గును, రోగములు తగ్గవు. పటమును చూచినవానికి కాలువ త్రవ్వించు అధికారము లేనిచో అది అలంకారమాత్రమే. సూరతున లెక్కలు తెప్పించినవారికి వీథిలో పనిచేయించు అధికారమును, సాయంకాలములోపల సమాధానము చెప్పవలసిన బాధ్యతయును జతగూడినవి. ప్రతిదినము దస్త్రములలో అంకెలు వ్రాయుచుండు ఉద్యోగులకు ఇది తమ పనికి సంబంధించిన విషయము. ఒక్కొక్క అంకె వెనుక ఒక ఇల్లును, ఆ యింట మంచముపట్టిన మనుష్యుడును ఉన్నారని తలచి, ఆ యంకెను సత్యముగా వ్రాసి, చేయగలవాని కంటబడునట్లు నిలుపుటయే సూరతు నేర్పిన పాఠము.