వాడిన బ్యాటరీ ఛార్జరు: ఎంపిక, పరీక్ష

గోల్ఫ్ కార్టుకైనా, ఈ-రిక్షాకైనా ఒకరు వాడేసిన ఛార్జరును కొనేటప్పుడు తేల్చుకోవలసినవి రెండు. అది బండిలోని బ్యాటరీలకు సరిపోతుందా? బ్యాటరీలు నిండాక తనంతట తానే ఆగుతుందా? మొదటి ప్రశ్న అందరూ అడుగుతారు. రెండోది అడిగేవాళ్లు తక్కువ, కానీ బ్యాటరీలు ఉడికి పాడయ్యేది అక్కడే.

జంషెడ్‌పూర్‌లో బెల్డీ, గోల్మురి అనే రెండు గోల్ఫ్ మైదానాలున్నాయి. గోల్ఫ్ కార్టులను నడిపే రకం బ్యాటరీయే ఆ ఊళ్లో సాక్చీ ప్రాంతానికి దగ్గర్లోని భాలుబాసా వంటి బస్తీల్లో ఈ-రిక్షా రూపంలో కుటుంబాలను పోషిస్తుంది. ఉక్కు కర్మాగారం పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి తరాలుగా స్థిరపడ్డ తెలుగువాళ్లున్న ఊరది. ఈ-రిక్షాకు 2014 అక్టోబరు నియమాలతోనూ, 2015 మోటారు వాహనాల సవరణ చట్టంతోనూ గుర్తింపు వచ్చింది. నలుగురు ప్రయాణికులు, గంటకు 25 కిలోమీటర్లు దాని హద్దులు. దానిలో మామూలుగా 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు వరసగా కలిసి 48 వోల్టులవుతాయి. నేటి గోల్ఫ్ కార్టుల్లో చాలావి కూడా 48 వోల్టులవే కాబట్టి, ఛార్జరును పరీక్షించే పద్ధతి రెండింటికీ ఒకటే.

సరిపోలిక

లెడ్ యాసిడ్ సెల్లు ఒక్కొక్కటీ 2 వోల్టులు. 48 వోల్టుల బండిలో 24 సెల్లుంటాయి. 6 వోల్టుల బ్యాటరీలు ఆరున్న పాత గోల్ఫ్ కార్టు 36 వోల్టుల బండి, దాని ఛార్జరు దీనికి పనికిరాదు. సెల్లుకు 2.4 వోల్టులు చేరితే గాని బ్యాటరీ నిండదు కనుక, 48 అని రాసి ఉన్న ఛార్జరు చివరికి 57 నుంచి 59 వోల్టుల దాకా వెళ్లాలి. కరెంటు బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతో, కాస్త ఎక్కువో ఉంటే మంచిది. అంటే 100 ఆంపియర్-అవర్ బ్యాటరీకి 10 నుంచి 13 ఆంపియర్లు. అంతకంటే చాలా తక్కువైతే తెల్లారేసరికి నిండదు, చాలా ఎక్కువైతే బ్యాటరీ వేడెక్కుతుంది.

లిథియం బండికి లెడ్ యాసిడ్ ఛార్జరు తగిలించకూడదు. 16 సెల్లుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్‌కు పైహద్దు 58.4 వోల్టులు. సెల్లులను సమానం చేసే దశలో లెడ్ యాసిడ్ ఛార్జరు 62 కూడా దాటగలదు.

ప్లగ్గు సరిగ్గా దూరింది కదా అని నమ్మడానికి లేదు. పాత యజమాని దాన్ని మార్చి ఉండవచ్చు. ప్లస్, మైనస్ మీటరుతో చూసుకున్నాకే తగిలించాలి.

బరువైనది, తేలికైనది

పాత ఛార్జర్లలో ఎక్కువభాగం ఫెర్రోరెజొనెంట్ రకం. లోపల ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, ఒక కెపాసిటరు, రెండు డయోడ్లు. ఎత్తితే చెయ్యి లాగేస్తుంది, గట్టి సరుకే. కానీ అమెరికాలో వాడి ఇక్కడికి చేరినవి 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌లకు కట్టినవి. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెడితే వోల్టేజి సర్దుకుంటుంది గాని హెర్ట్జ్ మారదు. ఈ రకంలో బయటికొచ్చే వోల్టేజి హెర్ట్జ్‌ను అనుసరించే ఉంటుంది కనుక సుమారు ఆరో వంతు పడిపోతుంది. బ్యాటరీ ఎన్నడూ పూర్తిగా నిండదు, ప్లేట్ల మీద సల్ఫేటు పేరుకుంటుంది. అలాంటి ఛార్జరు ఎంత చవకగా వచ్చినా వదిలేయడమే మేలు.

క్లబ్ కార్ సంస్థ 1995 నుంచి చేసిన 48 వోల్టుల బండ్లలో చాలావాటికి ఇంకో చిక్కుంది. ఎప్పుడు ఆగాలో ఛార్జరుకు చెప్పేది బండిలోని కంప్యూటరు. ఆ ఛార్జరును వేరే బండికి పెడితే అసలు మొదలే కాదు. వైర్లు మార్చి బలవంతంగా మొదలుపెడితే ఆపేవాళ్లుండరు.

ఈ-రిక్షాలకు ఎక్కువగా వచ్చేవి తేలికపాటి ఎస్‌ఎంపీఎస్ ఛార్జర్లు. వీటిలో ముందు పోయేవి ఫ్యాను, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. మూత విప్పాక కెపాసిటరు నెత్తి ఉబ్బినట్టుంటే ఆ ఛార్జరు రోజులు దగ్గరపడ్డట్టే. ఏ రకమైనా ప్లగ్గు తీసిన వెంటనే లోపల చెయ్యి పెట్టకూడదు. ఫెర్రో ఛార్జరు కెపాసిటరులో వందల వోల్టులు నిలిచి ఉండగలవు.

పరీక్ష

దుకాణంలో ఛార్జరును ఉత్తినే ప్లగ్గులో పెట్టి, మీటరు సున్నా చూపిందని చెడిపోయిందనడం పొరపాటు. అవతల బ్యాటరీ వోల్టేజి కనిపిస్తే గాని మొదలవని ఛార్జర్లు చాలా ఉన్నాయి. ఖాళీగా ఉన్నప్పుడు 55 చూపిందని బాగుందనుకోవడమూ అంతే పొరపాటు, భారం పడినప్పుడు ఎంత ఇస్తుందన్నదే లెక్క. అందుకే ఒక రాత్రి బండికి పెట్టి చూశాకే డబ్బులిస్తానని బేరమాడుకోవాలి.

సగం దిగిన బ్యాటరీలకు తగిలించి, డీసీ కొలవగల క్లాంప్ మీటరు పట్టాలి. మామూలు క్లాంప్ మీటరు ఏసీనే కొలుస్తుంది, దాని అంకెను ఇక్కడ నమ్మలేం. మొదట కరెంటు ఛార్జరు మీద రాసి ఉన్నంతో, దానికి దగ్గరగానో రావాలి. ఫెర్రో ఛార్జరులో అది సగమే ఉంటే ఒక డయోడు పోయి ఉండవచ్చు. గంటకోసారి వోల్టేజి, కరెంటు రెండూ కాగితం మీద రాసుకోవాలి. వోల్టేజి ఎక్కుతూ పోవాలి, చివరి గంటల్లో కరెంటు దిగుతూ రావాలి, ఆ తర్వాత ఆగిపోవాలి. గడియారం చూసి ఆగే టైమరు ఛార్జరుకు బ్యాటరీ సంగతి పట్టదు, దానికి మనిషి కాపలా తప్పదు.

ఎండాకాలంలో ఇంకో లెక్క చేరుతుంది. చివరి వోల్టేజి 25 డిగ్రీల వేడికి పెట్టినది. డిగ్రీ పెరిగినకొద్దీ సెల్లుకు 4, 5 మిల్లీవోల్టులు తగ్గాలి. మే నెలలో బ్యాటరీ 40 డిగ్రీలుంటే 24 సెల్లులకు సుమారు ఒకటిన్నర వోల్టు తగ్గించాలన్నమాట. వేడిని కొలిచే సెన్సరు లేని ఛార్జరు ఆ పని చేయదు, కాబట్టి పొద్దుపోయాక బ్యాటరీ చల్లారనిచ్చి పెట్టాలి. నిండే దశలో హైడ్రోజన్ వస్తుంది. గాలిలో 4 శాతం చేరితే అది అంటుకోగలదు. కిటికీ లేని గదిలో, వంటింటి పక్కన ఛార్జింగ్ పెట్టకూడదు.

పది పన్నెండు గంటలైనా ఛార్జరు ఆగకపోతే నేరం దానిమీదే వేయకూడదు. ప్లగ్గు తీసి, కొన్ని గంటలాగి, నాలుగు బ్యాటరీలనూ విడివిడిగా కొలవాలి. నిండినవి 12.7 దగ్గర నిలుస్తాయి, మొత్తం కలిపి 51కి కాస్త అటూ ఇటూ. మూతలు తెరిచే రకమైతే హైడ్రోమీటరు 1.265 నుంచి 1.280 మధ్య చూపాలి. మూడు సరిగ్గా ఉండి ఒకటి 10.6 దగ్గరే ఆగిందంటే దానిలో ఒక సెల్లు చచ్చిపోయింది. మొత్తంలో ఆ రెండు వోల్టులు తగ్గడంతో ఛార్జరు తన హద్దును ఎన్నటికీ చేరలేక, మిగిలిన 23 సెల్లులనూ ఉడికిస్తూ ఉంటుంది. అప్పుడు ముందు మార్చవలసింది ఆ బ్యాటరీని. ఛార్జరును మళ్లీ పరీక్షించేది ఆ తర్వాతే.