సాలార్‌జంగ్ తిప్పి పంపిన బొమ్మలు

1936-37 చలికాలం. అజంతా, ఎల్లోరా చూసుకుని చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తన బొమ్మలతో హైదరాబాదు వచ్చింది. మూడో సాలార్‌జంగ్, నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ ఆ బొమ్మల్లో కొన్నింటిని కొన్నాళ్లు తన దగ్గర ఉంచుకున్నారు. తాను కొన్న విదేశీ చిత్రాలు చూపించి, ఎలా ఉన్నాయని అడిగారు. సెజాన్, వాన్‌గో, గోగాన్ పుట్టిన లోకంలో లెయిటన్, బూగ్రో, వాట్స్‌ల బొమ్మలు ఎలా కొనబుద్ధయిందని ఆమె మొహం మీదే అనేసింది. క్యూబిస్టు బొమ్మలు తనకు అక్కర్లేదంటూ నవాబు ఆమెవి తిప్పి పంపేశారు. ఇదంతా ఆవిడే ఓ ఉత్తరంలో రాసుకుంది.

అమృత క్యూబిస్టు కాదు. పారిస్‌లో చదువుకునే రోజుల్లోనే సెజాన్, వాన్‌గో, గోగాన్ ఆమెకు దారి చూపారు. వాళ్లకు పోస్ట్ ఇంప్రెషనిస్టులని పేరు పెట్టింది 1910లో లండన్‌లో రోజర్ ఫ్రై. అప్పటికి ముగ్గురూ బతికి లేరు. కంటికి తగిలిన వెలుగును పట్టుకుంటే చాలదు, మనసులో ఉన్నది రంగుతో చెప్పాలన్నది వాళ్ల పట్టుదల. అందుకే ఆ బొమ్మలు ఒక పట్టాన అర్థం కావు. గోగాన్ 1897-98లో తహితి దీవిలో వేసిన 'మనం ఎక్కడి నుంచి వచ్చాం? ఎవరం? ఎక్కడికి పోతున్నాం?' చిత్రాన్ని కుడి నుంచి ఎడమకు చూడాలి. కుడి కొసన పసికందు, ఎడమ కొసన ముసలమ్మ. ఉర్దూ చదివే హైదరాబాదు కంటికి ఇది కొత్త కాదు.

1934లో అమృత తనను తాను తహితి స్త్రీగా గీసుకుంది. నడుము పైన బట్ట లేదు, చేతులు కిందికి దించి ముందు కలిపి ఉంచింది, చూపు పక్కకు. వెనక గోడ మీద తూర్పు ఆసియా వేషాల్లో చిన్న చిన్న మనుషులు. 1887లో వేసిన 'తాంగీ తాత' చిత్రంలో ఆయన వెనక వాన్‌గో వేలాడదీసిన జపాను బొమ్మలు గుర్తొస్తాయి. ఇంకా జాగ్రత్తగా చూస్తే ఆమె వెనక ఓ మగమనిషి నీడ నిలబడి ఉంటుంది. ఎవరిదన్నది ఆమె చెప్పలేదు. గోగాన్ ముందు కూర్చున్న ఆడవాళ్లు కుంచె పట్టలేదు. ఈమె వాళ్ల చోట నిలబడి, కుంచె మాత్రం తన చేతిలోనే ఉంచుకుంది. ఆ నీడ చూసే మగవాడిదని, అంటే గోగాన్‌దీ మనదీ అని నా నమ్మకం.

హైదరాబాదు తర్వాత దక్షిణాదంతా తిరిగి సిమ్లా చేరి, 1937లో 'పెళ్లికూతురి అలంకరణ', 'బ్రహ్మచారులు', 'సంతకెళ్తున్న దక్షిణాది పల్లెజనం' వేసింది. గోగాన్ చదును రంగులకు అజంతా మట్టి ఎరుపు కలిసింది వీటిలోనే. పెళ్లికూతురి అరచేతుల ఎరుపు చూడండి. పెళ్లి ముచ్చట ఎక్కడా లేదు, ముఖంలో దిగులే.

నవాబును తప్పుపట్టలేను. ఆయన కాలపు పెద్దింటి అభిరుచి అది. ఆయన కూడబెట్టినదే లేకపోతే 1951లో సాలార్‌జంగ్ మ్యూజియం తెరుచుకునేదే కాదు. కానీ ఆ రోజు ఆయన అలగకుండా ఉంటే, సికింద్రాబాద్‌లో అఫ్జల్‌గంజ్ బస్సెక్కి, నయాపూల్ దాటి మనం అమృతను చూసుకునేవాళ్లం. ఇప్పుడు 'బ్రహ్మచారులు' కోసం ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కు వెళ్లాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలో పాశ్చాత్య చిత్రాల గదిలో ఈ కథ చెప్పే పలక ఒకటి, తెలుగులో, ఉర్దూలో పెట్టాలి.