విశాఖలో శాస్త్రవిద్యకు దాతలు

విశాఖపట్టణమనగానే నేడు మనకు ఓడరేవును ఉక్కు కర్మాగారమును స్ఫురించును. రేవు 1933లో తెరువబడినది. కర్మాగారము 1992లో జాతి కంకితమైనది. వీనికి చాలముందే ఈ యూర నొక జమీందారు నక్షత్రములను జూచుటకై తన ధనమును వెచ్చించిన సంగతి యెరిగినవారు తక్కువ.

ఆయన గోడే వెంకట జగ్గారావుగారు (1817-1856). మదరాసు వేధశాలలో టేలరు దొరయొద్ద ఖగోళశాస్త్రము నభ్యసించి వచ్చి, 1840 ప్రాంతమున డాబాగార్డెన్సులో సొంత వేధశాలను నెలకొల్పిరి. ఆయన యనంతరము అల్లుడగు అంకితం వెంకట నరసింగరావుగారు డిప్యూటీ కలెక్టరు పదవిని సైతము విడిచి దానిని నడపిరి. 1868 సంవత్సరపు సంపూర్ణ సూర్యగ్రహణమును, 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటుటను పరిశీలించిరి. జమీందారీ సొమ్ము భోగముల పాలగుటయే మనము సాధారణముగ విన్నది. దూరదర్శినుల పాలగుట యరుదు.

అంకితంవారి దానముచేతనే పట్టణమందలి హిందూ కళాశాలకు స్థిరత్వము కలిగెను. దానికి వారి సతీమణి పేరు పెట్టిరి; కాని పెట్టిన పేరు "మిసెస్ ఏ. వి. ఎన్. కాలేజి". జగ్గారావుగారి కొమార్తెయైన ఆ సాధ్వి సొంత పేరులో ఒక్క యక్షరమైనను అందులో లేదు! బాలికావిద్యను గూర్చి ఉపన్యసించు మనము ఆ కళాశాల ముందు నడచునప్పుడు ఒకింత ఆగి ఆలోచింపదగిన విషయమిది.

1892లో ఈ కళాశాలకు గణిత భౌతికశాస్త్రముల నుపన్యసించుటకు చంద్రశేఖరయ్యరుగారు వచ్చిరి. వారి కుమారుడు వెంకటరామన్ ఈ పట్టణముననే చదివి, పదునొకండవ యేట మెట్రిక్యులేషను నుత్తీర్ణుడై, పిమ్మట విద్యార్థివేతనముతో మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలకు పోయెను. 1930లో నోబెలు బహుమతి నందిన సర్ సి. వి. రామన్ ఆయనయే. తండ్రి పనిచేసిన కళాశాలను ఆయన మరువలేదు. తండ్రిపేర నచట నొక విద్యార్థివేతనము నేర్పరచెను.

ఇంతలో ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో బెజవాడలో పుట్టి, వాల్తేరునకు తరలివచ్చెను. శాస్త్రశాఖలకు ధనమేది? జయపురాధీశ్వరులగు విక్రమదేవవర్మగారు యేటేట లక్ష రూపాయల నిచ్చిరి. స్వయముగ సాహిత్యప్రియులైనను, వారి దానము ప్రయోగశాలలకు జేరెను. శాస్త్రసాంకేతిక కళాశాల కాయన పేరే నిలిచెను. రాధాకృష్ణపండితుడు ఉపాధ్యక్షుడుగ నున్న ఆ కాలముననే, రామన్ శిష్యుడగు సూరి భగవంతము భౌతికశాస్త్రమునకును, శేషాద్రిగారు రసాయనశాస్త్రమునకును వచ్చిరి.

ఆ చంద్రశేఖరయ్యరు వేతనమును బొందిన బాలురలో కల్యంపూడి రాధాకృష్ణారావు ఒకడు. 1920లో హడగలిలో జన్మించిన యెనిమిదవ సంతానము. తండ్రి యుద్యోగవిరమణానంతరము కుటుంబము విశాఖకు వచ్చెను. తల్లి లక్ష్మీకాంతమ్మగారు ప్రతిదినము తెల్లవారుజామున నాల్గుగంటలకు లేపి, నూనెదీపము వెలిగించి చదివించెడివారట. ఇట్టి వేతనము లెక్కలలోనికి రాదు కాబోలు.

రావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమున ఎం. ఏ. ప్రథమశ్రేణిలో నుత్తీర్ణులై, అచటనే పరిశోధనవేతనమునకు అర్జీ పెట్టిరి. అది యాలస్యముగ చేరినదను కారణమున అంగీకరింపబడలేదు. ఈ వాక్యమును వ్రాయునపుడు నా చేయి యాగుచున్నది. నా శిష్యుడొకడు, యింజనీరింగు చదువ నిచ్ఛించిన పేదబాలుడు, ఆదాయ ధ్రువపత్ర మొక కచేరీలో రెండువారములు నిలిచిపోవుటచే వేతనపు గడువు దాటిపోగా, చదువు మాని దుకాణమున లెక్కలు వ్రాయుచున్నాడు. అర్జీ నింపించినవాడను నేనే. ముందుగ పంపవలసినవాడనును నేనే.

రావుగారికి దారి మరియొకచోట దొరికెను. యుద్ధకాలపు ఉద్యోగమునకై కలకత్తా పోయి, అది దొరకక, బసలో నొక యువకునివలన మహలనోబిసుగారి గణాంకశాస్త్ర సంస్థను గూర్చి వినిరి. 1941 జనవరి 1వ తేదీన అందులో జేరిరి. 1945లో, ఇరువదియైదేండ్ల వయస్సున, కలకత్తా గణితసంఘ పత్రికలో ప్రకటించిన వ్యాసమువలన, పక్షపాతరహితమైన యే యంచనాకైనను తప్పిదము ఇంతకంటె తగ్గజాలదని నిర్ణయించు క్రామెర్-రావు అసమత ప్రసిద్ధమయ్యెను. 2023లో, నూట రెండేండ్ల వయస్సున, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఆయనను వరించెను. ఆ యేడు ఆగస్టులోనే ఆయన గతించిరి.