కుంపటి – గ్యాసు పొయ్యి

పచ్చడి వంకాయను నిప్పులమీద కాల్చవలెనా, గ్యాసు మంటమీదనా అను తగవు మన ఇండ్లలో మిక్కిలి పాతదేమియు కాదు. 1965 అక్టోబరు 22న కలకత్తాలో ఇండేన్ తొలి కనెక్షను ఇచ్చిన పిమ్మటను మన పట్టణములలో బొగ్గుల కుంపటి చాలకాలము నిలిచినది. విసనకఱ్ఱతో విసరి బొగ్గు రాజేయుట, బూడిద ఎత్తుట, మసిగిన్నెలు తోముట ఆడువారి పాలిటివి. కుంపటి రుచిని మెచ్చుకొన్నవారు తరచు పీటలమీద కూర్చున్నవారే!

రుచి మాట అబద్ధము కాదు. నిప్పుల సెగ నిదానముగా లోపలికి దిగును. గ్యాసు మంటపై కాయను మాటిమాటికి త్రిప్పనిచో ఒక ప్రక్క మాడి, ఒక ప్రక్క పచ్చిగా మిగులును.

అయినను అపాయమును తలచవలెను. వంటగ్యాసు కారినచో తెలియుటకై ఎథైల్ మెర్కాప్టాను అను దుర్గంధద్రవ్యమును కలుపుదురు. బొగ్గునుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన గదిలో కుంపటి ప్రాణములు తీయగలదు.

1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకము, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకము గ్యాసును పేద ఇండ్లకు చేర్చినవి. మేమును అన్నము, కూరలు గ్యాసుమీదనే వండుకొందుము. వంకాయకు, మొక్కజొన్న పొత్తులకు మాత్రము కుంపటిని పెరటిలోనికి తీయుదుము. విసరువంతు ఇప్పుడు మగవారిది.