కెమెరా ఫోను : వెలుగు లెక్క

పూర్వము రుక్మమ్మపేట యనియు, పాలమూరనియు పిలువబడిన పట్టణమునకు 1890లో మహబూబ్‌నగర్ అను పేరు వచ్చినది. ఆరవ నిజామైన మీర్ మహబూబ్ అలీ ఖాను పేరు మీదుగా పెట్టిన పేరది. ఆ నిజాము కొలువులోనే రాజా లాలా దీనదయాళ్ అను ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడుండెను. ఆయన రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రభుత్వపు పనిచేయుచు కెమెరా పట్టినవాడు. నిజాము వలన ముసవ్విర్ జంగ్ అను బిరుదు పొందినవాడు. ఆ కాలపు కెమెరా ఒక పెద్ద చెక్కపెట్టె. దానికి ముక్కాలిపీట, బరువైన గాజుపలకలు కావలెను. వెలుగు చాలనిచోట కటకము మూతను ఎక్కువసేపు తీసియుంచుట ముఖ్యమైన ఉపాయము.

నేడు మహబూబ్‌నగర్ సమీపమునగల పిల్లలమర్రిని చూడబోవువారు జేబులోని ఫోనును తీసి రెప్పపాటులో ఫోటో తీసికొనుచున్నారు. కాని కెమెరాకు పిల్లలమర్రి సామాన్యమైన పరీక్ష కాదు. కొన్ని వందల యేండ్ల వయస్సుగల ఆ మహావృక్షము ఊడలు దింపుకొని ఎకరముల మేర వ్యాపించియున్నది. మిట్టమధ్యాహ్నము కూడ లోపల నీడ చిక్కగా నుండును. ఆకుల సందులలో మాత్రము ఆకాశము మిరుమిట్లు గొలుపుచుండును. నీడకు తగినట్లు తీసినచో ఆకాశము తెల్లని మచ్చగును. ఆకాశమునకు తగినట్లు తీసినచో ఊడలన్నియు నల్లని ముద్దయగును.

ఫోను కెమెరా మంచిదో కాదో తెలిసికొనుట ఎట్లు? అంగడివాడు మెగాపిక్సెళ్ళ సంఖ్య చెప్పును. ఇది కేవలము వేడుకకు సంబంధించిన ప్రశ్న కాదు. ఉపాధి హామీ పనులలో, వ్యక్తిగత ప్రయోజనమునకై చేయు పనులు తప్ప తక్కిన అన్నిచోట్ల, కూలీల హాజరును దినమునకు రెండుసార్లు ఫోనుతో తీసిన ఫోటోల ద్వారా నమోదు చేయవలెనని 2023 జనవరి 1 నుండి నియమము వచ్చెను. తలకు తువాలు చుట్టుకొని, వెనుకనుండి ఎండ పడుచుండగా నిలిచిన మనిషి ముఖము ఆనవాలు పట్టరాకున్నచో ఆ ఫోటో దేనికి సాక్ష్యము?

ఫోనులో ఇమిడిన కెమెరాకు మూలమైన కాంతిగ్రాహకపు చిప్పు అంతరిక్ష పరిశోధన నుండి వచ్చినది. 1990లలో అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో ఎరిక్ ఫోసమ్, ఆయన సహచరులు వ్యోమనౌకల కెమెరాలను చిన్నవిగా చేయుటకు సీమాస్ గ్రాహకములను అభివృద్ధి చేసిరి. 1999, 2000 సంవత్సరములలో జపానునందు క్యోసెరా, షార్ప్ కంపెనీల కెమెరా ఫోనులు వెలువడెను. వానిలో నుండినవి సుమారు 1,10,000 పిక్సెళ్ళు మాత్రమే. తరువాతి పదేండ్లలో ఆ సంఖ్య లక్షలు దాటి కోటికి చేరుచుండగా, కొనువారు సంఖ్యనే గుణమని నమ్మసాగిరి.

2012లో నోకియా కంపెనీ 808 ప్యూర్‌వ్యూ అను ఫోనును వెలువరించెను. ఫోనులో కెమెరా నమర్చుట గాక, కెమెరా చుట్టును ఫోనును కట్టినట్టిదది. దాని పిక్సెళ్ళు 4 కోట్ల 10 లక్షలు. విన్నవారందరును ఆ సంఖ్యకే ఆశ్చర్యపడిరి గాని, అసలు విశేషము వేరొకటి. దాని గ్రాహకము 10.67 మి.మీ. పొడవు, 8 మి.మీ. వెడల్పు గలది, అనగా సుమారు 85 చదరపు మి.మీ. అంతకు ముందటి సంవత్సరము వచ్చిన ఐఫోను 4ఎస్ గ్రాహకము 15.5 చదరపు మి.మీ. మాత్రమే. చిత్రమేమనగా, రెండింటిలోను ఒక్కొక్క పిక్సెల్ వెడల్పు 1.4 మైక్రానులే, కటకముల రంధ్ర నిష్పత్తి కూడ ఒక్కటే. కావున ఒక్కొక్క చదరపు మిల్లీమీటరుపై పడు వెలుగు సమానము. గ్రాహకము అయిదున్నర రెట్లు పెద్దదగుటచే మొత్తము వెలుగు అయిదున్నర రెట్లు వచ్చినది.

ఇంత వెలుగుతో ప్రయోజనమేమి? వెలుగు కణములుగా, వాన చినుకులవలె, క్రమము లేక పడుచుండును. ఒక పిక్సెలుపై సగటున 100 కణములు పడుచున్నచో, ఆ లెక్క ఇంచుమించు 10 అటునిటు మారుచుండును. అనగా నూటికి పది. మసకవెలుగున తీసిన ఫోటోలో కనబడు ఇసుక చల్లినట్టి గరుకునకు ముఖ్యకారణమిదియే. ఇప్పుడు ప్రక్కప్రక్కనున్న 7 పిక్సెళ్ళను కలిపి ఒకటిగా లెక్కింపుడు. కణములు 700; హెచ్చుతగ్గు 700 యొక్క వర్గమూలము, అనగా సుమారు 26. ఇది నూటికి నాలుగు కంటె తక్కువ. నోకియా 808 చేసినది ఈ పనియే. నాలుగు కోట్ల పిక్సెళ్ళతో చూచి, మామూలుగా 50 లక్షల పిక్సెళ్ళ ఫోటోనే ఇచ్చెడిది. పిక్సెళ్ళను కలుపక, గ్రాహకపు నడిమిభాగమును మాత్రమే వాడుకొని దూరపు వస్తువును దగ్గరగా చూపగలుగుట రెండవ లాభము.

ఫోనుగా మాత్రము అది నిలువలేదు. దళసరి 13.9 మి.మీ., కెమెరా ఉన్నచోట ఇంకను ఎక్కువ. బరువు 169 గ్రాములు. తెర ఆనాటికే ముతక. దానిని నడుపు సింబియన్ పద్ధతిని విడిచి వేరొకదానికి మారుదుమని నోకియా 2011లోనే ప్రకటించియుండెను. ఇక దానికై కొత్త ఉపకరణములను వ్రాయువారెవరు? సింబియన్ ఫోనులలో అదియే కడపటిది.

తరువాతి మార్గము వేరు. పలుచని ఫోనులో పెద్ద గ్రాహకము పట్టదు గనుక, ఉన్న చిన్నదానినే పలుమార్లు వాడిరి. 2016లో గూగుల్ వెలువరించిన పిక్సెల్ ఫోను, మీట నొక్కినపుడు కొద్దికాలపు ఫోటోలు అనేకము తీసి, వానిని ఒకదానిపై నొకటి సరిపెట్టి కలిపెడిది. 9 ఫోటోలు కలిపినచో గరుకు మూడవ వంతగును. నోకియా స్థలములో చేసిన సగటును గూగుల్ కాలములో చేసినదన్నమాట. వెడల్పైన పలక, ఎక్కువసేపు తీసిన మూత — దీనదయాళ్ నాటి రెండు ఉపాయములే ఇవియును. కాలమును వాడుకొనుటలో నాటి చిక్కే నేడును గలదు: గాలికి ఆకు కదలినచో ఒక ఫోటో మరియొకదానితో సరిపోదు. అప్పుడు యంత్రము ఆ భాగమును కలుపక విడిచిపెట్టును, లేదా అంచు అలికినట్లగును.

పిల్లలమర్రి నీడలోనికి ఫోను గురిపెట్టినపుడు, ఫోటోను పెద్దది చేసి మూడు చోట్ల చూడవలెను: లోపలి ఊడలపై బెరడు గీతలు, ఆకుల సందున ఆకాశపు నీలిమ, కదలు ఆకు అంచు. నేడు 10 కోట్ల 80 లక్షల పిక్సెళ్ళని ప్రకటించుకొను ఫోనులు కూడ సాధారణముగా తొమ్మిదింటిని ఒకటిగా కలిపి 1 కోటి 20 లక్షల పిక్సెళ్ళ ఫోటోనే ఇచ్చును. పూర్తిసంఖ్యతో తీయవలెనన్నచో విడిగా కోరవలెను. సాయంసంధ్యవేళ ఒకే కొమ్మను ఆ రెండు విధములను తీసి, తరగతిలోని పెద్ద తెరపై ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, ఏ ఫోటోలో బెరడు గీతలు నిలిచినవో, ఏ ఫోటోలో గరుకులో కలసిపోయినవో విద్యార్థులే చెప్పగలరు.