రంపమును త్రిప్పు మోటారు

నెల్లూరు తీరమున కోట వంటి ఊళ్లలో కోతమిల్లు చూడబోయిన విద్యార్థి రంపమునే చూచును. దానిని త్రిప్పు మోటారును చూడడు. పూర్వము మిల్లులలో ఒకే ఆవిరియంత్రము పైకప్పు క్రింది పొడవైన షాఫ్టును త్రిప్పగా, తోలుబెల్టులు ఆ చలనమును యంత్రములన్నిటికి అందించెడివి. ఒక్క రంపమే కావలసినను షాఫ్టంతయు తిరుగవలసినదే.

విద్యున్మోటారు ఈ చిక్కును తీర్చెను. కాని బ్రష్షులు గల మోటారులో నిప్పురవ్వలు లేచును. రంపపుపొట్టు నడుమ అది అపాయము. 1888లో టెస్లా పేటెంటు పొందిన ప్రేరణ మోటారు బ్రష్షులు లేకయే తిరుగునట్లు చేయవచ్చును. మరుసటియేడు జర్మనీలోని ఏ.ఇ.జి. కంపెనీలో డొలివో-డొబ్రొవొల్‌స్కీ మూడు ఫేజుల పంజరపు మోటారును నిర్మించెను. అయితే సెకనుకు 50 ఆవర్తనముల విద్యుత్తుపై దాని వేగము నిమిషమునకు 3000 చుట్లను మించజాలదు. చిత్రికపట్టు యంత్రపు కత్తులకు తరచు అంతకంటె వేగము కావలెను. అందుచే మోటారుకు పెద్ద పుల్లీ, కత్తుల ఇరుసుకు చిన్న పుల్లీ అమర్చిరి. షాఫ్టు పోయినను బెల్టు పోలేదు!

మన దేశమునకు ఈ మోటార్లు చాలకాలము ఓడలపైననే వచ్చెను. 1930వ దశకమున పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరును చేరినది. అచ్చటి పీలమేడులో 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలసి దేశీయమైన మోటారును తయారుచేసిరి. భారతదేశమున తొలి మోటారుగా దానికి పేరు కలదు. తెలుగు కుటుంబమున జన్మించిన జి.డి. నాయుడు బడిచదువు మధ్యలోనే మానినవాడు! బాలసుందరం నాయుడు తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించెను.

ఆ మోటారు రంపమునకని ప్రత్యేకించి చేసినది కాదు. బావినీరు తోడు మోటారునే, పుల్లీ మార్చి, వడ్రంగి రంపమునకు బిగించుకొనవచ్చును.